జీఆర్‌ఈ ప్రాక్టీస్ టెస్టు స్కోరును ఎంతవరకు నమ్మాలి, ఎలా చదవాలి

విదేశీ విశ్వవిద్యాలయాల్లో పీజీ ప్రవేశాల కోసం రాసే జీఆర్‌ఈకి తయారవుతున్నవారిలో చాలామంది ప్రాక్టీస్ టెస్టు ముగియగానే తెర మీద కనిపించిన అంకెను చూసి ఆ పూటకు సంతోషించడమో, దిగులు పడడమో చేసి, మర్నాడు మరో టెస్టుకు కూర్చుంటారు. ఆ అంకె ఎవరు తయారుచేసిన టెస్టులో వచ్చింది, ఏ పరిస్థితుల్లో వచ్చింది, అందులో తమ సామర్థ్యం ఎంత, అదృష్టం ఎంత అన్న విచారణ మాత్రం జరగదు. పరీక్ష తేదీ ఖాయం చేసుకోవడం, అవసరమైతే వాయిదా వేసుకోవడం, ఏయే విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెట్టాలో తేల్చుకోవడం వంటి నిర్ణయాలన్నీ ఆ అంకెను పట్టుకునే తీసుకుంటారు కనుక, దాన్ని సరిగా చదవడం కూడా తయారీలో భాగమే.

స్కోరును చదవాలంటే అది ఎలా పుడుతుందో ముందు తెలియాలి. 2023 సెప్టెంబరు 22 నుంచి జీఆర్‌ఈ జనరల్ టెస్టు నిడివి 1 గంట 58 నిమిషాలకు తగ్గింది. మొదట 30 నిమిషాల్లో ఒక వ్యాసం రాయాలి. ఆ తరువాత ఇంగ్లీషు భాషను పరీక్షించే వెర్బల్‌లో 18 నిమిషాలకు 12 ప్రశ్నలతో ఒక సెక్షన్, 23 నిమిషాలకు 15 ప్రశ్నలతో మరొకటి; గణితాన్ని పరీక్షించే క్వాంట్‌లో 21 నిమిషాలకు 12 ప్రశ్నలతో ఒకటి, 26 నిమిషాలకు 15 ప్రశ్నలతో మరొకటి ఉంటాయి. పాత పద్ధతిలో వెర్బల్‌కు 40, క్వాంట్‌కు 40 ప్రశ్నలు ఉండేవి. ఇప్పుడు ఒక్కోదానికి 27 మాత్రమే. స్కోరు మాత్రం అప్పటిలాగే 130 నుంచి 170 వరకు ఉంటుంది. ఇరవయ్యేడు ప్రశ్నలతోనే నలభై పాయింట్ల దూరాన్ని కొలుస్తున్నారు కాబట్టి, ఒక్క ప్రశ్న తప్పయినా సగటున ఒకటిన్నర పాయింటు దాకా తేడా రావచ్చునని గ్రహించాలి. పొరపాటున తప్పు జవాబు మీద నొక్కిన రెండు ప్రశ్నల వల్ల మూడు పాయింట్లు తగ్గితే, చదివినదంతా వృథా అయిందని అనుకోనక్కరలేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. రెండవ సెక్షన్ కఠినత్వం మొదటి సెక్షన్‌లో మీరు ఎలా చేశారన్నదాన్ని బట్టి మారుతుంది, తుది స్కోరు లెక్కలో ఆ కఠినత్వాన్ని కూడా పరిగణిస్తారు. మొదటి సెక్షన్ బాగా చేసి కఠినమైన రెండవ సెక్షన్ ఎదుర్కొన్న అభ్యర్థికి రెండు సెక్షన్లలో కలిపి 20 సరైన జవాబులకు వచ్చే స్కోరు, సులువైన రెండవ సెక్షన్ వచ్చి మొత్తం మీద అన్నే జవాబులు సరిగా పెట్టిన అభ్యర్థికి రాదు. అందువల్ల పుస్తకంలోని ప్రశ్నలు చేసుకుని, నూటికి ఇన్ని సరిపోయాయి కనుక ఇంత స్కోరు వస్తుందని పట్టికలు చూసి లెక్కవేయడం ఉజ్జాయింపుగా కూడా పనికిరాదు. అది సాధనకు పనికొచ్చే లెక్కే కానీ, స్కోరు అంచనాకు కాదు.

ఏ పరీక్ష స్కోరులోనైనా కొంత ఊగిసలాట ఉంటుంది. పరీక్షను నిర్వహించే ఈటీఎస్ సంస్థ తన స్కోర్లలో ఉండే ఈ కొలత దోషాన్ని తానే ప్రకటిస్తుంది. వెర్బల్‌కైనా, క్వాంట్‌కైనా అది స్థూలంగా రెండు పాయింట్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే మీ అసలు స్థాయి 158 అయితే, మూడింట రెండు వంతుల సందర్భాల్లో స్కోరు 156కూ 160కీ మధ్య పడుతుంది, మిగిలిన సందర్భాల్లో ఆ హద్దు కూడా దాటుతుంది. రెండు టెస్టులను పోల్చేటప్పుడు రెండింటి దోషాలూ కలుస్తాయి కాబట్టి తేడాలోని అనిశ్చితి ఇంకా పెరిగి మూడు పాయింట్ల దాకా వెళుతుంది. పోయిన నెల 157, ఈ నెల 159 వచ్చిందంటే పెరిగిందనీ చెప్పలేము, పెరగలేదనీ చెప్పలేము. అయిదారు పాయింట్ల తేడా వచ్చినప్పుడు, లేదా వరుసగా మూడు టెస్టులు ఒకే దిశలో నడిచినప్పుడు మాత్రమే మార్పు వచ్చిందని ధైర్యంగా అనవచ్చు. ఈ కారణం వల్లనే స్కోరును ఒక అంకెగా కాక ఒక పరిధిగా రాసుకోవడం మేలు. నోటు పుస్తకంలో 158 అని రాసే చోట 156–160 అని రాసుకుంటే, ఆ తరువాత తీసుకునే నిర్ణయాల్లో తొందరపాటు చాలావరకు తగ్గుతుంది.

ఇక టెస్టు ఎవరిది అన్న ప్రశ్న. ఈటీఎస్ పవర్‌ప్రెప్ ఆన్‌లైన్ పేరుతో రెండు పూర్తి టెస్టులను ఉచితంగా ఇస్తుంది, పవర్‌ప్రెప్ ప్లస్ పేరుతో మరో మూడింటిని డబ్బు తీసుకుని ఇస్తుంది. అసలు పరీక్ష తయారుచేసేవారే తయారుచేసిన ప్రశ్నలు, అదే తెర, అదే తరహా స్కోరు లెక్క కనుక, అంచనాకు వీటికి మించిన ఆధారం లేదు. అయితే మొత్తం ఉన్నవి అయిదే. చాలామంది వీటిలో ఉచితంగా దొరికే రెండింటినీ మొదటి వారంలోనే ఖర్చు చేసేసి, చివరికి కొలుచుకోవడానికి ఏమీ మిగలని స్థితికి వస్తారు. నా దృష్టిలో తయారీ ప్రణాళికల్లో జరిగే అతి పెద్ద దుబారా ఇదే. ప్రారంభంలో ఒకటి, సిలబస్ ఒక చుట్టు పూర్తయ్యాక ఒకటి, పరీక్షకు ఎనిమిది పది రోజుల ముందు ఒకటి చొప్పున వాడుకుని, మిగిలిన వాటిని అనుకోని అవసరానికి దాచుకోవడం వివేకం.

శిక్షణ సంస్థలు, ప్రైవేటు వెబ్‌సైట్లు తయారుచేసే మాక్ టెస్టుల సంగతి వేరు. వాటి ప్రశ్నలను అసలు పరీక్షకు ముందు వేలాది అభ్యర్థుల మీద పరీక్షించి కఠినత్వాన్ని నిర్ధారించే ఏర్పాటు సాధారణంగా ఉండదు. సరైన జవాబులను స్కోరుగా మార్చే సూత్రం వారి అంచనా మాత్రమే. కొన్నింటిలో క్వాంట్ లెక్కలు అనవసరమైన గుణకారాలతో భారంగా ఉంటాయి, కొన్నింటిలో వెర్బల్ ప్రశ్నలకు రెండు జవాబులూ సమర్థించదగినవిగానే కనిపిస్తాయి. అలాగని వాటిని పూర్తిగా పక్కన పెట్టనవసరం లేదు. సున్నా దగ్గర సరిగా నిలవని కాటా అసలు బరువును తప్పుగా చూపించినా, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య బరువు పెరిగిందా తగ్గిందా అన్నది చెప్పగలుగుతుంది. ఒకే సంస్థ టెస్టులను వరుసగా రాసినప్పుడు వాటి స్కోర్లనూ అలాగే వాడుకోవచ్చు. ఒక సంస్థ మాక్‌లో వచ్చిన 154ను మరో సంస్థ మాక్‌లో వచ్చిన 160తో పోల్చి ఆరు పాయింట్లు పెరిగానని అనుకోవడం మాత్రం కుదరదు. 2023కు ముందు తయారై, ఇంకా పాత నిడివిలోనే ఉన్న మాక్ టెస్టులు దొరికితే వాటిలోని ప్రశ్నలను సాధనకు వాడండి, స్కోరును పట్టించుకోకండి.

రాసిన తీరు కూడా స్కోరును మారుస్తుంది. వ్యాసం వదిలేసి నేరుగా వెర్బల్‌తో మొదలుపెట్టినవారు, అరగంట రాసి అలసిన బుర్రతో మొదలుపెట్టవలసిన పరీక్షను తాజా బుర్రతో రాస్తున్నారు. మధ్యలో టైమరు ఆపడం, సెక్షన్ల మధ్య లేచి తిరగడం, చేతిలో వేరే క్యాలిక్యులేటర్ పెట్టుకోవడం ఇవన్నీ స్కోరుకు కనిపించకుండా ఒకటి రెండు పాయింట్లు కలుపుతాయి. ఇప్పటి పరీక్షలో నిర్ణీత విరామం లేదు. క్వాంట్‌లో తెర మీది క్యాలిక్యులేటర్ తప్ప మరొకటి వాడనివ్వరు. అంతకంటే ముఖ్యమైనది, ప్రశ్నలు మీకు కొత్తవా కావా అన్నది. పవర్‌ప్రెప్ ఉచిత టెస్టుల ప్రశ్నలకు వివరణలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి, వీడియోల్లో ఉన్నాయి. వాటిలో పదో పన్నెండో ముందే చూసి ఉంటే ఆ టెస్టు కొలతగా పనికిరాదు. అదే టెస్టును రెండవసారి రాసి ఎనిమిది పాయింట్లు పెరిగాయని చెప్పుకునేవారు కనిపిస్తుంటారు. జవాబు గుర్తులేకపోయినా ప్రశ్నలోని మెలిక గుర్తుంటుంది, సమయం ఆదా అవుతుంది, ఆ ఆదా మిగిలిన ప్రశ్నలకు పనికొస్తుంది. రెండవసారి స్కోరును లెక్కలోకి తీసుకోకపోవడమే సరైన పద్ధతి.

ఇంతవరకు చెప్పినదంతా అంకె విశ్వసనీయత గురించి. అసలు ఉపయోగం మాత్రం జవాబుల జాబితాలో ఉంది, దానికోసం టెస్టు రాస్తున్నప్పుడే ఒక చిన్న పని చేయాలి: కచ్చితంగా తెలియకుండా జవాబు పెట్టిన ప్రతి ప్రశ్న సంఖ్యను రఫ్ కాగితం మీద గుర్తుపెట్టుకోవాలి. జీఆర్‌ఈలో తప్పు జవాబుకు మార్కుల కోత లేదు కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. కానీ ఊహించి పెట్టిన జవాబు తగిలితే అది మీ స్థాయి కాదు. అయిదు ఐచ్ఛికాల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు అయిదింటికి గుడ్డిగా జవాబు పెడితే సగటున ఒకటి సరిపోతుంది. మూడు లేదా అంతకు మించి సరిపోవడం నూటికి ఆరు సార్లు మాత్రమే జరుగుతుంది. ఆ ఆరింటిలో ఒకటి మీ టెస్టులో జరిగితే, మీ స్థాయి కంటే రెండు జవాబులు, అంటే సుమారు మూడు పాయింట్లు ఎక్కువ కనిపిస్తాయి. గుర్తుపెట్టుకున్న ప్రశ్నల్లో ఎన్ని తగిలాయో చూసుకుంటే ఈ వాపు ఎంతో తెలిసిపోతుంది. అదృష్టం ఎదురు తిరిగిన రోజు కూడా ఇదే లెక్క ఊరటనిస్తుంది.

తప్పయిన ప్రశ్నల్ని అధ్యాయాల వారీగా విడదీయడం అందరూ చేసే పనే. దానికంటే కారణాల వారీగా విడదీయడం ఎక్కువ ఫలితమిస్తుంది. ఉదాహరణకు, క్వాంట్‌లో రెండు రాశులను పోల్చే ప్రశ్న ఒకటి తీసుకుందాం. ఒక సంఖ్య వర్గం 16 అని ఇచ్చి, మొదటి రాశి ఆ సంఖ్య అనీ, రెండవ రాశి 3 అనీ అన్నారు. ఆ సంఖ్య 4 అనుకుని మొదటి రాశే పెద్దదని జవాబు పెడితే తప్పు, ఎందుకంటే అది మైనస్ 4 కూడా కావచ్చు. నిర్ణయించలేమన్నదే సరైన జవాబు. ఈ ఒక్క తప్పు మూడు రకాలుగా జరగవచ్చు: రుణ మూలం ఉంటుందన్న సంగతే తట్టకపోవడం, తెలిసినా చివరి రెండు నిమిషాల హడావిడిలో చూసుకోకపోవడం, సరిగానే ఆలోచించి తప్పు గడి మీద నొక్కడం. మొదటిదానికి పాఠం మళ్ళీ చదవాలి, రెండవదానికి సమయాన్ని పంచుకునే తీరు మార్చాలి, మూడవది ఒక్కసారే జరిగితే వదిలేయవచ్చు. అదే టెస్టులో పరమ మూల్యం ప్రశ్న ఒకటి, అసమీకరణం ప్రశ్న ఒకటి కూడా పోయి ఉంటే, మూడు అధ్యాయాల్లో బలహీనంగా ఉన్నట్టు పట్టిక చూపిస్తుంది. నిజానికి పోయినవి మూడూ రుణ సంఖ్యల్ని మరిచిపోయినందువల్లే పోయాయి. దీన్ని సరిదిద్దడానికి రెండు రోజులు చాలు.

వెర్బల్‌లో ఒక జాగ్రత్త అవసరం. రెండు మూడు ఖాళీలున్న ప్రశ్నలో అన్ని ఖాళీలూ సరిగా నింపితేనే మార్కు, పాక్షిక మార్కులు లేవు. మూడింట రెండు ఖాళీలు సరిగా నింపినవారికీ, ఒక్కటీ నింపలేనివారికీ స్కోరు ఒకటే. మెరుగుదల మొదలైనా అంకెలో కొంతకాలం కనిపించదు. ఖాళీల వారీగా లెక్క పెట్టుకుంటేనే అది బయటపడుతుంది.

వ్యాసానికి 0 నుంచి 6 వరకు అర పాయింటు అంచెల్లో స్కోరు ఇస్తారు. దాన్ని స్వయంగా అంచనా వేసుకోవడం కష్టం కాబట్టి, ఈటీఎస్ ప్రచురించిన స్కోరు వారీ నమూనా వ్యాసాల పక్కన మీ వ్యాసాన్ని పెట్టి చూసుకోవడం చాలు.

స్కోరు మంచిదా కాదా అన్నది లక్ష్యాన్ని బట్టి ఉంటుంది. ఒకే అంకె రెండు విభాగాల్లో ఒకే అర్థం ఇవ్వదు: వెర్బల్‌లో 160 తెచ్చుకున్నవారు నూటికి ఎనభై మందికి పైగా అభ్యర్థులను దాటినట్టు, క్వాంట్‌లో అదే 160 తెచ్చుకున్నవారు దాదాపు మధ్యలో ఉన్నట్టు. ఏ స్కోరు నూటికి ఎంతమందిని దాటినట్టో చూపే పర్సంటైల్ పట్టికను ఈటీఎస్ ఏటా సవరిస్తుంది కనుక పాత పట్టికలను నమ్మకూడదు. ఇంజినీరింగ్ కోర్సుకు దరఖాస్తు చేసేవారు వెర్బల్, క్వాంట్ కలిపి మొత్తం స్కోరు 320 దాటిందని సంబరపడేముందు, అందులో క్వాంట్ వాటా ఎంతో చూసుకోవాలి. కోర్సు పేజీలో ప్రకటించిన సగటు స్కోరుకు మీ పరిధిలోని పై అంకెను కాక కింది అంకెను పక్కన పెట్టి పోల్చండి.

ఎంబీఏ వంటి మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశానికి జీమ్యాట్ రాసేవారికి కూడా ఇందులో చాలావరకు వర్తిస్తుంది, ఒక్క హెచ్చరికతో. 2023 నవంబరులో వచ్చిన కొత్త జీమ్యాట్ స్కోరు 205 నుంచి 805 వరకు ఉంటుంది. పాత 200–800 కొలమానంతో దాన్ని నేరుగా పోల్చకూడదు. కొత్తదానిలో 645 సుమారుగా పాతదానిలో 700తో సమానమైన పర్సంటైల్‌కు చేరుతుంది.

పరీక్ష తేదీ విషయానికి వస్తే, సరైన పరిస్థితుల్లో, కొత్త ప్రశ్నలతో రాసిన చివరి రెండు అధికారిక టెస్టుల సగటును తీసుకోండి. అది లక్ష్యాన్ని అందుకుంటే తేదీ మార్చవలసిన పని లేదు. రెండు పాయింట్లు తక్కువైతే, తప్పుల జాబితాలో సులువుగా సరిదిద్దగలిగిన కారణం కనిపిస్తోందా అన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. అయిదు పాయింట్లు తక్కువైతే మాత్రం పరీక్ష రోజున అది దానంతట అది పూడుతుందని ఆశించడం కంటే వాయిదా వేసుకోవడం మేలు. చివరి వారంలో స్కోరు ఒక్కసారి పడిపోతే, ముందు నిద్రను, అలసటను చూసుకోండి. ఆ ఒక్క టెస్టు కోసం నెలల తరబడి కట్టుకున్న పద్ధతిని మార్చకండి.

అసలు పరీక్ష ముగిసినప్పుడు వెర్బల్, క్వాంట్ అనధికారిక స్కోర్లు అక్కడే తెర మీద కనిపిస్తాయి. వాటిని చివరి ప్రాక్టీస్ పరిధి పక్కన రాసుకోండి. పరిధి లోపలే పడితే, మళ్ళీ రాసినా చదువు మారనిదే పెద్దగా పెరగదు. పరిధికి బాగా కింద పడితే కారణం ఎక్కువసార్లు పరీక్ష గదిలోనే ఉంటుంది, 21 రోజుల గడువు తరువాత మళ్ళీ రాయడం అప్పుడు సమంజసమే. పన్నెండు నెలల వ్యవధిలో అయిదుసార్ల వరకు రాయవచ్చు, స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది, ఏ స్కోరు పంపాలో మీరే ఎంచుకోవచ్చు.