జాకీ కొనే ముందు బండి కింద టేపు పెట్టండి

డిక్కీలో స్టెప్నీ పక్కన ఉండే కత్తెర జాకీ పంచరైన టైరు మార్చుకోవడానికి ఇచ్చింది. ఆయిల్ మార్చడానికో, బ్రేక్ ప్యాడ్లు చూడటానికో బండి కింద దూరాలంటే చక్రాల మీద జరిగే ట్రాలీ జాకీ ఒకటి, దానితో పాటు ఒక జత స్టాండ్లు కావాలి. రెండూ ఒకే రోజు కొనండి. జాకీ ఇప్పుడు, స్టాండ్లు వచ్చే నెల అనుకున్నవాళ్లే మధ్యలో ఒక ఆదివారం ఇటుకలు పేర్చి పని కానిస్తారు.

ట్రాలీ జాకీ ఎంత ఖరీదైనదైనా లేపేది లోపలి ఆయిల్ ఒత్తిడే, దాన్ని పట్టి ఉంచేది రబ్బరు సీళ్లు, వాల్వులో చిన్న ఉక్కు గోళీ. ఆ గోళీ కింద ఒక ఇసుక రేణువు చేరినా, సీలు అంచు కాస్త చినిగినా ఆయిల్ వెనక్కి జారుతుంది, బండి దిగుతుంది. అది మెల్లగా దిగుతుందన్న భరోసా కూడా లేదు. స్టాండులో ఇలా జారేదేమీ లేదు, ఉక్కు మీద ఉక్కు కూర్చుంటుంది. అందుకే లేపేది జాకీ, మోసేది స్టాండు. బండి ఒట్టి జాకీ మీద ఉన్నప్పుడు చెయ్యి కూడా లోపలికి పోకూడదు.

ఇక ఎంపిక. దుకాణంలో అడగ్గానే “రెండు టన్నులా, మూడు టన్నులా” అంటారు. నిజానికి ఇంటి కార్లకు టన్నులతో వచ్చే ఇబ్బంది తక్కువ. స్విఫ్ట్ లాంటి బండి ఖాళీగా 900 కిలోల చుట్టూ ఉంటుంది. ఇంజిన్ ముందుంటుంది కాబట్టి అందులో పదింట ఆరు పాళ్లు ముందు చక్రాల మీద పడుతుంది. అంటే ముందు వైపంతా ఒకేసారి లేపినా జాకీ మీదికి వచ్చేది 550 కిలోలే. 1800 కిలోలు దాటే ఇన్నోవా క్రిస్టాకైనా ఒక వైపు లేపడానికి రెండు టన్నుల జాకీకి బలం చాలుతుంది. చాలనిది ఎత్తు, పొడుగు. ఆ రెండూ అట్ట పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి, ఎవరూ చదవరు.

కాబట్టి కొనబోయే ముందు టేపు తీసుకుని బండి పక్కన కూర్చోండి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, నేల సమంగా ఉండాలి. నాలుగు కొలతలు రాసుకోండి. ముందు బంపరు అంచుకూ నేలకూ మధ్య ఎత్తు ఒకటి. డోర్ల కింద, ముందు చక్రం వెనక, పక్క అంచులో రెండు గాట్ల మధ్య ఉండే జాకీ పాయింటు ఎత్తు రెండోది. ముందు క్రాస్ మెంబర్, అంటే ముందు చక్రాల మధ్య బండి కింద అడ్డంగా ఉండే ఉక్కు దూలం, దాని ఎత్తు మూడోది. బంపరు అంచు నుంచి ఆ క్రాస్ మెంబర్ దాకా లోపలికి ఉన్న దూరం నాలుగోది. ఈ నాలుగోదాన్ని అందరూ మర్చిపోతారు, దాని సంగతి కింద చెప్తాం.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక చిన్న కారుకు పక్క అంచు నేల నుంచి 22 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. బాడీని లేపడం మొదలుపెట్టగానే చక్రం లేవదు. సస్పెన్షన్ సాగుతూ చక్రం కిందే ఉండిపోతుంది. చాలా బండ్లలో ఇలా ఎనిమిది, పది సెంటీమీటర్లు పోతుంది. అంటే చక్రం నేలను వదిలేసరికి అంచు 32 దగ్గరుంటుంది. స్టాండు లోపలికి తోయాలంటే దానికన్నా ఇంకో రెండు సెంటీమీటర్లు పైకి లేపాలి, అప్పటికి 34. ప్లాస్టిక్ పెట్టెలో వచ్చే ఎనిమిది, తొమ్మిది కిలోల రెండు టన్నుల జాకీలు సాధారణంగా 13, 14 సెంటీమీటర్ల దగ్గర మొదలై 33 చుట్టూ ఆగిపోతాయి. చిన్న కారుకే అది ఒక సెంటీమీటరు ముందు ఆగిపోయింది. అదే అంచు 27 ఉన్న ఎస్‌యూవీకి 39 కావాలి. ఆ జాకీ బండిని కాస్త కదిలిస్తుంది తప్ప చక్రాన్ని నేల నుంచి విడదీయలేదు.

ఇక్కడే జాకీ గిన్నె (బండికి ఆనే పై భాగం) మీద చెక్క దిమ్మ పెట్టే అలవాటు మొదలవుతుంది. ఒక అంగుళం పలక అయితే పరవాలేదు గానీ, నాలుగంగుళాల దిమ్మ నిలువుగా పెడితే గిన్నె వంగే కొద్దీ దిమ్మ కూడా వంగుతుంది. ఒక దశలో తన్నుకుని బయటికి వస్తుంది.

నాలుగో కొలతకు వద్దాం. చిన్న జాకీ పొడుగు మూరెడు. క్రాస్ మెంబర్ బంపరుకు రెండడుగులకు పైగా లోపల ఉంటే జాకీ మొత్తం బండి కిందికి పోతుంది. అప్పుడు హ్యాండిల్ పైకెత్తగానే బంపరుకు తగులుతుంది. అరచేతి మందం మాత్రమే ఆడే హ్యాండిల్‌తో వంద పోట్లు కొట్టినా గిన్నె లేవదు. మూడు టన్నుల పొడుగు జాకీ మనకు కావాల్సింది ఆ మూడు టన్నుల కోసం కాదు, ఆ పొడుగు కోసం, 46 నుంచి 50 సెంటీమీటర్ల దాకా లేచే ఎత్తు కోసం, వెడల్పాటి చక్రాల కోసం. అందులో లో ప్రొఫైల్ అని అమ్మేవి 8 నుంచి 10 సెంటీమీటర్ల దగ్గరే మొదలవుతాయి. సెడాన్ల బంపరు కింద దూరేది అవే. చిక్కు ఒకటుంది: ఉక్కుతో చేసినవి 30 కిలోలు దాటతాయి. సెల్లార్‌లో పార్కింగ్, ఇల్లేమో నాలుగో అంతస్తు అయితే ఆ బరువు గురించి ముందే ఆలోచించుకోండి. అల్యూమినియంవి తేలిక, ఖరీదు ఎక్కువ.

చిన్న హ్యాచ్‌బ్యాక్ ఒక్కటే ఉంది, టైర్లు అటూ ఇటూ మార్చడం, బ్రేకులు చూడటం వరకే అంటే, 38 దాకా లేచే మధ్య రకం రెండున్నర టన్నులది సరిపోతుంది. అంతకన్నా చిన్నది కొంటే రెండోసారి కొంటారు.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో కొంటే చేత్తో పట్టి చూసే వీలుంది. ఖాళీగానే పైదాకా లేపి గిన్నెను మోసే జాకీ చేతిని పక్కల నుంచి ఊపండి. అతుకుల దగ్గర లటలట ఆడితే వదిలేయండి. దించే వాల్వు చూడండి. హ్యాండిల్ ఎంత తిప్పితే అంతే దిగాలి. పావు చుట్టుకే దబ్బున పడిపోయే రకం బండిని స్టాండ్ల మీదికి దించేటప్పుడు భయపెడుతుంది. గిన్నె తన చుట్టూ తాను తిరగాలి. పంపు రాడ్డు చుట్టూ ఆయిల్ తడి కనిపిస్తే అది కొత్తదే అయినా సీలు పోయిందనే లెక్క.

స్టాండ్లలో రెండు రకాలు. పళ్ల కడ్డీని ఒక నాలుక పట్టుకునేది రాట్చెట్ రకం. గొట్టంలో గొట్టం, అడ్డంగా పిన్ను దూర్చేది పిన్ రకం. రాట్చెట్‌తో ఎత్తు త్వరగా సరిచేసుకోవచ్చు, మెట్లు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి. కానీ నాలుక పంటిలో పూర్తిగా కూర్చుందా లేదా అన్నది తయారీ నాణ్యత మీద ఆధారపడి ఉంటుంది. 2020లో అమెరికాలో ఒక పెద్ద పనిముట్ల దుకాణాల సంస్థ 3 టన్నుల, 6 టన్నుల రాట్చెట్ స్టాండ్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది. బరువు మీద ఉండగా కదిపితే నాలుక పంటి నుంచి జారే ప్రమాదం ఉందని తేలింది. బదులుగా అమ్మిన వాటిలో కొన్నింటిని వెల్డింగ్ లోపంతో అదే ఏడాది మళ్లీ పిలవాల్సి వచ్చింది. అందుకే రాట్చెట్ కొంటే పళ్ల కడ్డీకి అడ్డంగా రెండో పిన్ను కూడా ఉన్న రకమే తీసుకోండి. మా ఓటు మాత్రం మామూలు పిన్ రకానికే. చూడగానే తెలిసిపోతుంది, పిన్ను ఉందా లేదా అని. ఆ పిన్ను పోతే దాని స్థానంలో మేకు, స్క్రూడ్రైవరు, చేతికందిన బోల్టు పెట్టకండి. అడ్డంగా కోసినట్టు పడే ఆ బరువుకు అవి ఆగవు.

స్టాండు మీద “3 టన్నులు” అని ఉంటే అది ఒక్కోదానికా, జతకా అని అడగండి, స్టిక్కరు చదవండి. కాళ్లు వెడల్పుగా, నేలకు తాకే చోట పాదం చదునుగా ఉండాలి. సన్నటి కోణపు కమ్మీ అంచులతో నిలబడేవి టైల్స్‌ను పగలగొడతాయి, మట్టిలో దిగబడతాయి. కనీస ఎత్తు కూడా కొలవండి. ఆరు టన్నుల స్టాండ్లు బలంగా కనిపిస్తాయి గానీ, వాటి కింది మెట్టే చిన్న కారుకు ఎక్కువైపోతుంది.

పక్క అంచులోని జాకీ పాయింటు సన్నటి రేకు మడత. జాకీ ఉక్కు గిన్నె నేరుగా పెడితే అది వంగిపోతుంది, రంగు ఊడి అక్కడే తుప్పు మొదలవుతుంది. నడుమ గాడి ఉన్న రబ్బరు దిమ్మలు నాలుగు కొనండి, జాకీకీ స్టాండ్లకూ పనికొస్తాయి. రేకు గాడిలోకి వెళ్లాలి, బరువు దానికి ఇరుపక్కల పడాలి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో పాత బండి అయితే ముందు ఆ అంచును స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడండి. పొరలు రాలితే అక్కడ జాకీ పెట్టకూడదు.

ఇప్పుడు కొత్తవాళ్లు తెల్లబోయే చోటు. జాకీ పెట్టాల్సిన పాయింటూ, స్టాండు పెట్టాల్సిన పాయింటూ ఒకటే! జాకీ అక్కడ ఉండగా స్టాండు ఎక్కడ పెట్టాలి? దారి ఏమిటంటే, ముందు క్రాస్ మెంబర్ మధ్యలో జాకీ పెట్టి ముందు భాగమంతా లేపి, రెండు పక్కలా జాకీ పాయింట్ల కింద స్టాండ్లు పెట్టడం. పొడుగు జాకీ కొనమన్నది ఇందుకే. క్రాస్ మెంబర్‌ను ఎత్తొచ్చా, వెనక చక్రాలను కలిపే బీమ్‌ను ఎత్తొచ్చా అన్నది ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది, ఓనర్స్ మాన్యువల్ చూసి తీరాలి. ఆయిల్ చాంబర్, గేర్‌బాక్స్, రేడియేటర్ కింది పట్టీ, స్టీరింగ్ రాడ్లు, ఒట్టి ఫ్లోర్ రేకు, వీటి కింద ఏ బండికీ జాకీ పెట్టకూడదు. చాలా ఎలక్ట్రిక్ కార్లలో ఫ్లోర్ కింద బ్యాటరీ ఉంటుంది, మాన్యువల్‌లో చూపించిన పాయింట్లు తప్ప ఇంకెక్కడా ముట్టుకోకండి. బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా లాంటి ఛాసిస్ బండ్లకు ఈ బాధ తక్కువ, ఛాసిస్ మీద చోటు బోలెడు.

నేల విషయం. సిమెంటు గచ్చు మంచిది. షాబాద్ బండలు, పార్కింగ్ టైల్స్ పరిచిన చోట సుత్తి పిడితో కొట్టి వినండి. డొల్లగా మోగితే ఒక స్టాండు కాలు పడగానే పగులుతుంది. అలాంటిచోట స్టాండు కింద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క అడుగున్నర చదరం వేయండి. తారు రోడ్డు మే నెల మధ్యాహ్నం మెత్తబడుతుంది, అక్కడ వద్దే వద్దు. ర్యాంపు వాలు మీద కూడా.

లేపే వరుస ఇది. బండిలో మనుషులుండకూడదు, తాళం మీ జేబులో ఉండాలి. చక్రాల నట్లు నేల మీద ఉండగానే పావు చుట్టు వదులు చేయండి. లేవని వైపు చక్రాలకు ముందూ వెనకా అడ్డు దిమ్మలు పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ చాలదా అంటే, చాలా కార్లలో అది వెనక చక్రాలనే పడుతుంది, వెనక లేపితే దానికి పనే లేదు. గేర్‌లో వేశాం కదా అంటారు. ముందు చక్రాలు తిరిగే బండిలో ఒక్క ముందు చక్రం గాలిలోకి లేచినా గేరు ఆపదు. డిఫరెన్షియల్ వల్ల లేచిన చక్రం ఒక వైపు తిరిగితే, నేల మీది చక్రం రెండో వైపు దొర్లిపోతుంది. ఆటోమేటిక్‌లో పార్కింగ్‌కూ ఇదే కథ.

జాకీ చక్రాల దారిలో ఇసుక, గులకరాళ్లు ఊడ్చేయండి. జాకీ చెయ్యి నిటారుగా లేవదు, వంపు తిరుగుతూ హ్యాండిల్ వైపు వస్తుంది. అందుకు తగ్గట్టు జాకీయే బండి కిందికి జరగాలి. చక్రం రాయికి తట్టుకుందంటే గిన్నె పాయింటు మీద నుంచి జారుతుంది, లేదా బండిని లాగుతుంది. అందుకే జాకీ చక్రాలకు ఎప్పుడూ అడ్డు పెట్టకండి. నాలుగైదు పోట్లకోసారి ఆగి గిన్నె కూర్చున్న తీరు చూడండి.

స్టాండ్లు రెండూ ఒకే మెట్టులో పెట్టి, పిన్నులు దూర్చి, వాల్వు మెల్లగా వదిలి బండిని వాటి మీద కూర్చోబెట్టండి. ఒక్కో స్టాండు పాదాలన్నీ నేలను తాకుతున్నాయో లేదో కాగితం దూర్చి చూడండి. తర్వాత కింద దూరకముందే, పక్కకు నిలబడి ఫెండర్ దగ్గర గట్టిగా ఊపండి. పడేదేదో అప్పుడే పడాలి. జాకీని తీసేయకుండా పాయింటుకు తాకీ తాకనట్టు ఉంచండి. ఊడదీసిన చక్రాన్ని డోరు కింద అంచు లోపలికి పడుకోబెట్టండి, అన్నీ జారినా దాని మందం మేరకు సందు మిగులుతుంది. బిగించిన పానా మీద బలమంతా వేసి లాగే పనులు స్టాండ్ల మీద తగ్గించుకోవాలి.

ఇటుకల గురించి ఒక మాట. సిమెంటు ఇటుక పగిలే ముందు చప్పుడు చేయదు, వంగదు, ఒక్కసారిగా పొడి అవుతుంది. గోడలో బరువు ఇటుక మొత్తం మీద పరుచుకుంటుంది. బండి అంచు కింద అదే బరువు రెండు వేళ్ల వెడల్పు మీద పడుతుంది.

కొత్త జాకీ సగం లేచి ఆగినా, స్పాంజిలా అనిపించినా లోపల గాలి ఉందని అర్థం. వాల్వు తెరిచి, బరువు లేకుండా ఎనిమిది, పది నిండు పోట్లు కొట్టి, వాల్వు మూసి మళ్లీ చూడండి. అప్పటికీ పైదాకా లేవకపోతే చెయ్యి పూర్తిగా దించి ఆయిల్ బిరడా తీయండి, రంధ్రం అడుగంచు దాకా ఆయిల్ ఉండాలి. పోయాల్సింది హైడ్రాలిక్ జాకీ ఆయిల్. ఇంట్లో ఉంది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి, ఇంజిన్ ఆయిల్ చిక్కదనానికి చిన్న వాల్వులు సరిగా ఆడవు. బరువు మీద పది నిమిషాలు వదిలితే కనిపించేంత దిగిపోతున్న జాకీని ఆయిల్ మార్చి, వాల్వు శుభ్రం చేసి చూడొచ్చు. అయినా దిగుతుంటే సీల్ కిట్ వేయించాలి. పని అయ్యాక చెయ్యి పూర్తిగా దించి పెట్టండి. లేపి ఉంచితే మెరిసే రాడ్డుకు తుప్పు పడుతుంది, ఆ తుప్పు గరుకే తర్వాత సీలును కోస్తుంది.