మూత్రాశయ క్యాన్సర్ పరీక్షలు: రోగులకు, వెంట వెళ్లేవారికి

మూత్రంలో నొప్పి లేకుండా రక్తం పడి, రెండు రోజులకు దానంతటదే ఆగిపోతే, వేడి చేసిందనుకొని బార్లీ నీళ్లు తాగి ఊరుకోకూడదు. రక్తం ఆగినా మూత్రాశయం లోపల క్యాన్సర్ గడ్డ అలాగే ఉండవచ్చు. బీడీ, సిగరెట్ అలవాటున్నవారు అసలే ఆలస్యం చేయకూడదు. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చేవారు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకొని, యూరాలజీ (మూత్ర వ్యాధుల) డాక్టరును ఎక్కడ కలవాలో అడగాలి. ఆధార్, ఆహార భద్రత కార్డు వెంట ఉంచుకొని, చేయబోయే చికిత్స ఆరోగ్యశ్రీ కిందికి వస్తుందో లేదో ముందే కనుక్కోవాలి. ఆ పథకం పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది.

అల్ట్రాసౌండ్, మూత్ర పరీక్షల తర్వాత సాధారణంగా సిస్టోస్కోపీ చేస్తారు. మూత్రనాళానికి మత్తు జెల్ పెట్టి, సన్నని కెమెరా గొట్టాన్ని లోపలికి పంపి చూస్తారు; ఆ తర్వాత ఒకటి రెండు రోజులు మంట, కొద్దిగా ఎరుపు ఉండటం మామూలే. మూత్రం అసలు రాకపోయినా, గడ్డలు గడ్డలుగా రక్తం పడినా, చలిజ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు డాక్టరుకు ముందే చెప్పాలి, సొంతంగా మానేయకూడదు. కాంట్రాస్ట్ సీటీ స్కాన్‌కు (మందు ఎక్కించి తీసే స్కాన్‌కు) వెళ్లేవారు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రిపోర్టుతో పాటు, వాడుతున్న షుగర్ మాత్రల పేర్లు చూపించాలి.

గడ్డ కనిపిస్తే మత్తు ఇచ్చి, మూత్రమార్గం గుండానే దాన్ని గీకి తీసే ఆపరేషన్‌ను టీయూఆర్‌బీటీ అంటారు. ఆ తర్వాత మూత్రం బయటికి రావడానికి పెట్టిన గొట్టాన్ని, దానికి తగిలించిన సంచిని గమనించడం వెంట ఉన్నవారి పని: లేత గులాబీ రంగు ఫరవాలేదు, కానీ ముదురు ఎరుపు రంగుకు మారినా, గొట్టంలో ధార ఆగినా నర్సుకు చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యం బయాప్సీ (తీసిన ముక్క పరీక్ష) రిపోర్టు. తీసిన ముక్కలో కండర పొర వచ్చిందా, క్యాన్సర్ అందులోకి పాకిందా అని డాక్టరును సూటిగా అడగండి, ఎందుకంటే తర్వాతి చికిత్స ఎక్కువగా దాని మీదే ఆధారపడుతుంది. కండరం రాకపోతే మళ్లీ ఒకసారి గీకవలసి రావచ్చు. అది మొదటి డాక్టరు తప్పని భయపడనక్కరలేదు.

క్యాన్సర్ పైపొరలకే పరిమితమై, తిరిగి వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉంటే, క్షయ టీకాలో వాడే బీసీజీని వారానికోసారి ఆరు వారాలు మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. దాన్ని రెండు గంటలకు మించకుండా ఆపుకోవాలి, తర్వాత ఆరు గంటలపాటు కూర్చొనే మూత్రం పోసి, మరుగుదొడ్డిలో బ్లీచింగ్ ద్రావణం వేసి, 15 నిమిషాలు ఆగి నీళ్లు కొట్టాలి. ఆపరేషన్ అయిన మూడు నెలలకు మళ్లీ సిస్టోస్కోపీ ఉంటుంది. ఒంట్లో బాగున్నా, పొలం పనులున్నా, ఆ తేదీని వాయిదా వేయకండి.