చిన్న క్రిస్మస్ చెట్టుకు మూడు రంగుల లైట్లు చుట్టే పద్ధతి

రెండడుగుల చెట్టుకు మూడు రంగుల సీరియల్ సెట్లు చుడితే చాలాసార్లు చెట్టు మాయమై తీగల ఉండ మిగులుతుంది. మూడు రంగుల్నీ ఒకే లోతులో, కొమ్మల కొసల మీదే చుట్టేయడం దీనికి కారణం. ఏ రంగు లోపల ఉండాలి, ఏది పైకి కనిపించాలి అన్నది ముందే తేల్చుకుంటే సగం పని అయినట్టే.

ఎరుపు వెలుగును ఆకుపచ్చ కొమ్మ పీల్చేసుకుంటుంది. అందుకే ఎర్ర లైట్లను లోపల దూరిస్తే వాటి చుట్టూ కొమ్మలు నల్లగా, చచ్చినట్టు కనిపిస్తాయి. ఎరుపు ఎప్పుడూ కొసల మీదే ఉండాలి, బల్బు నేరుగా కంటికి కనబడాలి. వార్మ్ వైట్ అని అమ్మే లేత పసుపు తెలుపు కాండం దగ్గర ఉంటే ఆకు మీద వెలుగు పడి చెట్టు నిండుగా తోస్తుంది. నీలం ఎల్‌ఈడీ కళ్ళకు గుచ్చుకుంటుంది, పక్క రంగుల్ని మింగేస్తుంది. దాన్ని కొసకు రెండంగుళాలు లోపలికి జరిపితే ఆకుల చాటున మెత్తబడుతుంది. ఈ మూడూ కలిస్తే చాలు. నాలుగో రంగు చిన్న చెట్టుకు బరువే.

కొనే ముందు కొలత. చెట్టు కింది కొమ్మల కొసల చుట్టూ దారం తిప్పి కొలవండి. అందులో సగం తీసుకుని ఎన్ని చుట్లు వస్తాయో దానితో గుణించండి. రెండడుగుల చెట్టుకు కింది చుట్టుకొలత సుమారు 110 సెంటీమీటర్లు అనుకుంటే సగం 55. చుట్టుకూ చుట్టుకూ నాలుగు వేళ్ల ఎడం ఇస్తే ఏడు చుట్లు. అంటే దాదాపు 4 మీటర్లు. కాబట్టి ఒక్కో రంగుకు 5 మీటర్ల, 50 లైట్ల రాగితీగ సెట్టు సరిపోతుంది. మూడడుగుల చెట్టుకు ఒక్కో రంగుకు 10 మీటర్ల సెట్టు తీసుకోండి. లోపలి సెట్టు తిరిగే చుట్టు చిన్నది, అదే పొడవుకు చుట్లు ఎక్కువ వచ్చి దట్టంగా ఉంటుంది. మనకు కావలసింది అదే.

చిన్న చెట్టుకు లావు వైరున్న మామూలు సీరియల్ సెట్టు కన్నా సన్నని రాగితీగ సెట్టే మేలు. వైరు బరువుకు కొమ్మలు వంగిపోవు, పగటి పూట తీగ కనిపించదు. కోస్తాలో చాలా ఇళ్లలో క్రిస్మస్ చెట్టుగా నిలబెట్టే సరుగుడు కొమ్మకైతే ఇది తప్పనిసరి. దాని సన్నని రెమ్మలు బరువు ఆపలేవు. పైగా ఎండిన సరుగుడు త్వరగా అంటుకుంటుంది, కాబట్టి బ్యాటరీ లేదా యూఎస్‌బీతో నడిచే ఎల్‌ఈడీలు తప్ప వేడెక్కే పాత బల్బులు దాని దగ్గరికి రానీయకండి.

చుట్టడానికి ముందు మూడు సెట్లనూ ఒక ఇరవై నిమిషాలు వెలిగించి చూడండి. చెట్టెక్కాక ఆరిపోయిన భాగం వెతకడం నరకం. తర్వాత చెట్టు కొమ్మల్ని విప్పండి. పెట్టెలో అణిగిపోయిన ప్రతి రెమ్మనూ విడదీసి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి, ఒకటి పైకి వంచండి. దీన్ని వదిలేస్తే ఎన్ని లైట్లు పెట్టినా ఖాళీలు పూడవు.

ముందు వార్మ్ వైట్. బ్యాటరీ పెట్టె లేదా ప్లగ్గు కొనను చెట్టు మొదట్లో ఉంచి కింది నుంచి పైకి వెళ్ళండి. పై నుంచి మొదలుపెడితే కరెంటు తీగ చెట్టు మీదుగా వేలాడుతుంది. కాండం చుట్టూ తిప్పుతూ ప్రతి కొమ్మ మీద సగం దూరం వరకూ వెళ్ళి వెనక్కి రండి. తీగ చుట్టను ఒక పక్క నుంచి లాగకండి, చక్రంలా దొర్లిస్తూ విప్పండి. లాగితే ప్రతి చుట్టుకూ ఒక మెలి పడుతుంది, రాగితీగ విరిగేది ఆ మెలి దగ్గరే.

తర్వాత నీలం, చివర ఎరుపు. నీలం చెట్టు ముందు వైపు మొదలైతే ఎరుపు సరిగ్గా వెనక వైపు మొదలవ్వాలి. రెండూ ఒకే దిక్కుకు, ఒకే ఎడంతో పైకి ఎక్కాలి. అప్పుడు ఒక ఎర్ర వరస, ఒక నీలం వరస వస్తాయి, ఎక్కడా ఒకదాన్నొకటి దాటవు. ఎడం మారితే తీగలు అడ్డం పడతాయి, తీసేటప్పుడు చిక్కు ఖాయం. మనం చెట్టు చుట్టూ తిరిగే బదులు చెట్టునే ఒక పళ్లెం మీద పెట్టి తిప్పితే ఎడం చెదరదు. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ మొట్టమొదట కరెంటు దీపాలతో అలంకరించిన చెట్టు కూడా తిరిగేదే. ఎరుపు, తెలుపు, నీలం కలిపి 80 బల్బులు. ప్రతి నాలుగైదు లైట్లకు ఒకసారి తీగను రెమ్మకు ఒక చుట్టు తిప్పితే చాలు, సెల్లోటేపు అక్కర్లేదు. పైన మిగిలిన తీగను నక్షత్రం కింద కుక్కకుండా, కాండం వెంట లోపలికి దించేయండి.

గదిలో లైట్లు ఆర్పి, ఆరడుగుల దూరం నుంచి కళ్ళు సగం మూసి చూడండి. నల్లటి గుంటలు అప్పుడే తెలుస్తాయి. అక్కడికి పక్క చుట్టును కాస్త జరపండి.

రెండు రోజులకు నీలం మసకబారి ఎరుపు మాత్రం వెలుగుతుంటే సెట్టు పాడైందనుకోకండి. ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు, నీలానికి 3 కావాలి. సెల్స్ నీరసించగానే ముందు తగ్గేది నీలమే. చార్జింగ్ సెల్స్ మూడు కలిపినా 3.6 వోల్టులే, కాబట్టి నీలం సెట్టుకు కొత్త మామూలు సెల్స్ వేయండి. పాతవీ కొత్తవీ కలపొద్దు.

ప్లగ్గు సెట్టులో ఒక ముక్క మొత్తం ఆరితే ఆ ముక్కలో ఒక్క బల్బో, ఒక్క అతుకో తెగి ఉంటుంది, ఎందుకంటే అవన్నీ వరసగా కలిపినవి. తెగిన వైరుకు ఇన్సులేషన్ టేపు చుట్టకుండా మెరుపు తోరణం దగ్గర ఉంచకండి. ఆ తోరణాల మీది మెరుపు చాలావరకు లోహపు పూతే, దానిలోకి కరెంటు పాకవచ్చు.

మూడు సెట్లనూ మినుకుమనే పద్ధతిలో పెడితే దేని తాళం దానిదే, చూసేవాళ్ళకు తలనొప్పి. రెండింటిని నిలకడగా ఉంచి, ఎరుపు ఒక్కదాన్నే మెల్లగా వెలిగి ఆరేలా పెట్టండి. చాలా సెట్లకు జ్ఞాపకం ఉండదు, కరెంటు పోయి వస్తే మళ్ళీ మొదటి పద్ధతికే పోతాయి, బటన్ మళ్ళీ నొక్కుకోవలసిందే. పడుకునే ముందు అన్నీ ఆపేయండి.

తీసేటప్పుడు చివర చుట్టిన ఎరుపు ముందు రావాలి, తర్వాత నీలం, ఆఖరున వార్మ్ వైట్. ఒక్కోదాన్నీ విడి అట్టముక్కకు చుట్టి దాని మీద రంగు పేరు రాసి పెట్టండి. సెల్స్ తీసేయడం మరచిపోకండి, లోపల కారితే వచ్చే డిసెంబరుకు పెట్టె పనికిరాదు.