నోటి అనాటమీ నేర్చుకోవాలంటే ముందు మీ నోరు తెరవండి

చాలామంది డెంటల్ అనాటమీని బొమ్మలు చూసి బట్టీ పడతారు, పరీక్ష అవ్వగానే మర్చిపోతారు, తీరా క్లినిక్‌లో పేషెంట్ నోరు తెరిచేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడతారు. దీనికి మందు ఒకటే: ముందు మీ నోరు మీరే చూసుకోండి, ఎప్పుడు చూసినా ఒకే వరసలో చూడండి. శుభ్రంగా కడుక్కున్న చేతులు, మంచి వెలుతురు, ఒక అద్దం, దొరికితే ఒక మౌత్ మిర్రర్ చాలు. మామూలు నోరు ఎలా ఉంటుందో కంటికీ వేలికీ అలవాటైతేనే, తేడా ఉన్నచోట చూపు ఆగుతుంది.

మొదట పళ్ళు కలిపి పెట్టి పెదవిని పైకి లాగండి. ఒకవైపు పెదవులు, బుగ్గలు, ఇంకోవైపు పళ్ళు, చిగుళ్ళు, ఈ రెండింటి మధ్య సందే వెస్టిబ్యూల్. పళ్ళకి లోపలివైపు ఉన్నదంతా ఓరల్ క్యావిటీ ప్రాపర్. ఇప్పుడు నోరు తెరిచి బుగ్గని పక్కకి లాగితే పై రెండో మోలార్‌కి (వెనకుండే నమిలే పన్ను) ఎదురుగా చిన్న బుడిపె కనిపిస్తుంది, చెవి ముందుండే లాలాజల గ్రంథి పరోటిడ్ నుంచి వచ్చే స్టెన్సన్ డక్ట్ (నాళం) తెరుచుకునేది అక్కడే. ఆ చోటు తుడిచి, బయట చెవి ముందు నుంచి బుగ్గ వైపు మెల్లగా నిమిరితే లాలాజలం బొట్టుగా ఊరడం కూడా చూడొచ్చు. బుగ్గ లోపల పసుపు చుక్కలుంటే కంగారు పడొద్దు, అవి ఫోర్డైస్ గ్రాన్యూల్స్, అంటే నూనె గ్రంథులు. పళ్ళు కలిసే ఎత్తులో అడ్డంగా ఉండే తెల్లగీత లీనియా ఆల్బా, అదీ మామూలే.

తర్వాత అంగిలి. పై ముందు పళ్ళ వెనకే మధ్యలో ఉన్న చిన్న ఉబ్బు ఇన్సిసివ్ పాపిల్లా, దాని కిందే నేసోపాలటైన్ నరం బయటికొస్తుంది. అక్కడి కణజాలం ఎముకకి గట్టిగా అంటుకుని ఉండటం వల్ల ఇంజెక్షన్ ద్రవానికి చోటుండదు, అందుకే అక్కడ సూది అంత నొప్పి. పక్కనున్న ముడతలు రుగే. "ఆ" అంటే వెనక భాగం కదులుతుంది, అది సాఫ్ట్ పాలెట్. కదిలేదానికీ కదలనిదానికీ మధ్య వైబ్రేటింగ్ లైన్ ఎక్కడుందో ఇప్పుడే గుర్తుపట్టండి, కంప్లీట్ డెంచర్ (మొత్తం కట్టుడు పళ్ళ సెట్టు) చేసేటప్పుడు దీంతోనే పని.

నాలుక మీది చిన్న బొడిపెల్ని పాపిల్లే అంటారు. వాటిలో ఎక్కువగా ఉండేవి ఫిలిఫార్మ్ పాపిల్లే, వీటికి రుచి మొగ్గలుండవు. మధ్యమధ్యలో ఎర్రగా కనిపించేవి ఫంజిఫార్మ్. బాగా వెనక, వి ఆకారంలో 8 నుంచి 12 దాకా పెద్దవి సర్కమ్‌వాలేట్. నాలుక అంచున వెనకవైపు నిలువు మడతల్లా ఉండే ఫోలియేట్ పాపిల్లేని చూసి గడ్డ అనుకునేవాళ్ళున్నారు. అలాగని అంచుని తేలిగ్గా వదిలేయకండి, నోటి క్యాన్సర్ తరచుగా వచ్చే చోట్లలో అదొకటి. గాజుగుడ్డతో నాలుక కొస పట్టుకుని రెండు పక్కలా తిప్పి చూడటం ఇప్పటినుంచే చేతికి అలవాటు చేయండి. నాలుక పైకెత్తితే మధ్యలో కనిపించే సన్నటి మడత లింగ్వల్ ఫ్రీనమ్, దాని మొదట్లో రెండు పక్కలా రెండు చిన్న బొడిపెలు, దవడ కింది లాలాజల గ్రంథుల నుంచి వచ్చే వార్టన్ డక్ట్‌లు తెరుచుకునేది వాటి మీదే.

ఇక చిగుళ్ళు. ఇక్కడ తొందరపడకండి, పెరియో, అంటే చిగుళ్ళ వైద్యం, అంతా దీనిమీదే నిలబడుతుంది. పంటి మెడ చుట్టూ కాలర్‌లా ఉండే సన్నటి అంచు ఫ్రీ జింజైవా. దానికీ పంటికీ మధ్య సన్నటి గాడి సల్కస్. ఆరోగ్యంగా ఉన్నచోట ప్రోబ్ (కొలత గీతలున్న సన్నటి పరికరం) పెడితే లోతు 3 మిల్లీమీటర్లు దాటదు, మెల్లగా పెడితే రక్తం రాదు. దాని తర్వాత ఎముకకి, పంటివేరుకి గట్టిగా అతుక్కున్నది అటాచ్డ్ జింజైవా, గాలి కొట్టి ఆరబెట్టి చూస్తే చాలామందిలో నారింజ తొక్క మీదున్నట్టు చిన్న గుంటలు కనిపిస్తాయి, దాన్ని స్టిప్లింగ్ అంటారు, అది లేనంత మాత్రాన జబ్బు అనుకోకూడదు. అటాచ్డ్ జింజైవా ఎక్కడ అయిపోతుందో తెలియాలంటే పెదవి పట్టుకుని అటూ ఇటూ కదపండి: కదలనిది అటాచ్డ్ జింజైవా, ఎర్రగా మెరుస్తూ కదిలేది ఆల్వియోలార్ మ్యూకోసా, రెండింటి మధ్య గీత మ్యూకోజింజైవల్ జంక్షన్. అంగిలి వైపు ఈ గీత ఉండదు, ఎందుకంటే అక్కడ చిగురు నేరుగా అంగిలి కణజాలంలో కలిసిపోతుంది. పుస్తకాల్లో చిగురు రంగు లేత గులాబీ అని రాస్తారు కానీ మెలనిన్ వల్ల గోధుమ, నల్ల మచ్చలున్న చిగుళ్ళు కూడా పూర్తిగా ఆరోగ్యమైనవే. రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, ఆకారం, గట్టిదనం, రక్తం కారడం కూడా చూడండి.

రెండు పళ్ళ మధ్యలో చిగురు ముందొకటి, వెనకొకటి శిఖరాల్లా లేచి ఉంటుంది, వాటి మధ్య, పళ్ళు ఒకదానికొకటి తగిలే కాంటాక్ట్ కింద, లోయలాంటి భాగం కోల్. దాని మీది పొరకి గట్టిదనమిచ్చే కెరటిన్ ఉండదు, పైగా బ్రష్ అక్కడికి చేరదు, అందుకే చిగుళ్ళ వాపు తరచుగా పళ్ళ సందుల్లోనే మొదలవుతుంది. చిగురు, పంటివేరు మీది పొర సిమెంటమ్, వేరుని ఎముకకి కలిపే నారలు పెరియోడాంటల్ లిగమెంట్, పన్ను దిగి ఉండే ఆల్వియోలార్ ఎముక, ఈ నాలుగూ కలిస్తే పెరియోడాంషియం. లిగమెంట్ మందం సుమారు 0.2 మిల్లీమీటర్లే అయినా నమిలే బరువంతా అదే మోస్తుంది. పన్ను ఎముకలో దిగ్గొట్టిన మేకు కాదు, ఈ నారల మీద వేలాడుతుంది.

పంటి పైపొర ఎనామెల్, దాని బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. దాన్ని తయారుచేసిన కణాలు పన్ను బయటికి వచ్చేసరికే పోతాయి కాబట్టి విరిగిన ఎనామెల్ మళ్ళీ పెరగదు. దాని కింది పొర డెంటిన్‌లో ఖనిజం దాదాపు 70 శాతం, అది సన్నటి గొట్టాలతో నిండి, నరాలుండే పంటి మధ్య భాగం పల్ప్‌తో కలిసి ఉంటుంది, అందుకే డ్రిల్ డెంటిన్‌కి తగలగానే పేషెంట్ ఉలిక్కిపడతాడు. వయసుతో సెకండరీ డెంటిన్ పేరుకుని పల్ప్ గది చిన్నదవుతుంది, రూట్ కెనాల్ చేసే రోజున ఇది గుర్తుండాలి.

నంబర్లకి ఎఫ్‌డీఐ పద్ధతి: మొదటి అంకె క్వాడ్రంట్ (నోటిని నాలుగు భాగాలు చేస్తే ఏ భాగం), రెండోది మధ్య నుంచి ఎన్నో పన్ను. పేషెంట్ పై కుడి 1, పై ఎడమ 2, కింది ఎడమ 3, కింది కుడి 4. పాలపళ్ళకి ఇదే వరసలో 5 నుంచి 8. 16ని పదహారు అనకుండా "వన్ సిక్స్" అనండి. కుడి ఎడమలు పేషెంట్‌వి, మీవి కావు, ఇక్కడ తడబడితే వేరే పన్ను పీకేస్తారు. పాలపళ్ళు 20, శాశ్వత పళ్ళు 32. పాలపళ్ళలో ప్రీమోలార్లు (కోరపన్నుకీ మోలార్లకీ మధ్య పళ్ళు) ఉండవు, పాల మోలార్లు ఊడినచోటే అవి వస్తాయి. మొదటి శాశ్వత మోలార్ సుమారు ఆరేళ్ళకి, ఏ పాలపన్నూ ఊడకుండానే వెనక నుంచి వస్తుంది. తల్లిదండ్రులు దాన్ని పాలపన్ను అనుకుని వదిలేయడం చాలా మామూలు, కాబట్టి ఆ వయసు పిల్లల్లో ముందు ఆరో నంబర్ చూడండి.

విడి పన్ను చేతికిస్తే ముందు పంటి వేర్లు లెక్కపెట్టండి. పై మోలార్‌కి సాధారణంగా మూడు, బుగ్గవైపు రెండు, అంగిలివైపు ఒకటి. కింది మోలార్‌కి రెండు, మీసియల్ (పళ్ళ వరసలో మధ్యగీత వైపుది), డిస్టల్ (దానికి దూరంగా ఉన్నది). పై మొదటి ప్రీమోలార్‌కి ఎక్కువగా రెండుంటాయి. బాగా పొడవైన వేరు ఒక్కటే ఉంటే కెనైన్ (కోరపన్ను) అయ్యే అవకాశం ఎక్కువ. తర్వాత కిరీటం: పై మొదటి మోలార్‌లో మీసియోపాలటల్ (మీసియల్, అంగిలి వైపు) కస్ప్, అంటే నమిలే మొన, పక్కన కారబెల్లీ కస్ప్ అనే అదనపు బుడిపె వెతకండి, కింది మొదటి మోలార్‌లో ఐదు కస్ప్‌లు, రెండోదాంట్లో నాలుగు. వేరు కొస సాధారణంగా డిస్టల్ వైపు వంగుతుంది కానీ దీన్నొక్కదాన్నే పట్టుకుని కుడి ఎడమ తేల్చకండి, కనీసం రెండు గుర్తులు కలిస్తేనే నంబర్ చెప్పండి. ప్రాక్టీస్‌కి తెచ్చుకున్న పళ్ళని ముందు స్టెరిలైజ్ చేయాలి, అయితే అమాల్గమ్ (పాదరసం కలిసిన లోహం) ఫిల్లింగ్ ఉన్నవాటిని ఆటోక్లేవ్‌లో (ఆవిరితో స్టెరిలైజ్ చేసే యంత్రం) పెట్టకూడదు, పాదరసం ఆవిరి బయటికొస్తుంది, వాటిని ఫార్మలిన్‌లో ఉంచాలి.