కృష్ణబిలాల అలలతో ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని పరీక్షించడం ఎలా?

అనంతపురంలో డిగ్రీ ఫిజిక్స్ చదివే విద్యార్థి సొంత ల్యాప్‌టాప్‌లో చేయగలిగిన పరీక్ష ఇది. 2015 సెప్టెంబర్ 14న, మన గడియారంలో మధ్యాహ్నం 3.20కి, అమెరికాలోని హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ లైగో కేంద్రాలు పట్టుకున్న మొదటి గురుత్వ తరంగం (భారీ వస్తువుల కదలికతో స్థలకాలంలో లేచే అల) డేటా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. సెకనుకు 4096 నమూనాలున్న 32 సెకన్ల ఫైళ్లు రెండు దించుకుంటే చాలు.

ముందుగా పైథాన్‌లో స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత బలం ఉందో చూపే గ్రాఫ్) గీస్తే 60 హెర్ట్జ్ దగ్గర నిట్టనిలువుగా లేచిన గీత కనబడుతుంది. అది అక్కడి కరెంటు రొద. మన ఇళ్ల కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మన పిల్లలు దాన్ని వెంటనే పోల్చుకోలేరు. ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత రొద ఉందో దానితో డేటాను భాగించి, 35 నుంచి 350 హెర్ట్జ్ వరకే ఉంచితే, సెకనులో ఐదో వంతు కాలం పాటు అంతకంతకూ ఒత్తుగా, ఎత్తుగా మారే అలలు బయటపడతాయి. లివింగ్‌స్టన్ తర్వాత దాదాపు 7 మిల్లీసెకన్లకు అదే అల హాన్‌ఫర్డ్‌లో తలకిందులుగా కనిపిస్తుంది.

ఇప్పుడు సూర్యుడికి 36 రెట్లు, 29 రెట్లు ద్రవ్యరాశి ఉన్న రెండు కృష్ణబిలాలు కలిస్తే రావలసిన అలను ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం లెక్కగట్టి, డేటాలోంచి తీసివేయాలి. మిగిలినదాన్ని అదే ఫైల్లో సంకేతం లేని చోట్ల నుంచి తీసుకున్న అనేక ముక్కలతో పోల్చండి. సిద్ధాంతం సరైనదైతే మిగిలేది ఒట్టి రొదే. ఏదైనా ఎక్కువగా మిగిలితే ఐన్‌స్టీన్‌ను అనుమానించే ముందు మన లెక్కనే అనుమానించాలి. ఒక్క మిల్లీసెకను పక్కకు జరిపి తీసివేసినా పెద్ద అలే మిగులుతుంది.

నాకు ఇంతకన్నా ఇష్టమైనది రెండో పరీక్ష. గుడిగంటను ఎవరు ఎలా కొట్టినా దాని నాదం ఆ గంటదే అయినట్టు, విలీనం తర్వాత కృష్ణబిలం మోగే తీరును దాని ద్రవ్యరాశి, భ్రమణం మాత్రమే నిర్ణయిస్తాయి. ఆ మోతను 1970లో లెక్కల్లో చూపించినవాడు మన పొరుగున బెంగళూరులో పుట్టిన సి.వి. విశ్వేశ్వర. విలీనానికి ముందరి అలల నుంచి అంచనా వేసిన 62 సూర్యుల బిలం, 250 హెర్ట్జ్ చుట్టుపక్కల మోగి, 4 మిల్లీసెకన్లలో సన్నగిల్లాలి. మోత ఎక్కడ మొదలైందనుకోవాలన్నదే ఇందులో చిక్కు: అల శిఖరానికి మరీ దగ్గరగా మొదలుపెడితే విలీనపు అల కలుస్తుంది, ఆలస్యం చేస్తే రొద మింగేస్తుంది. అందుకని శిఖరం దాటాక 1, 3, 5 మిల్లీసెకన్ల దగ్గర విడివిడిగా కొలిచి, మూడు ఫలితాలనూ పక్కపక్కనే రాసుకోండి.