లూసిల్ బాల్ హాస్యాన్ని పరిశీలించే పద్ధతి

అమెరికన్ టెలివిజన్ హాస్యంలో కొత్త దారి వేసిన లూసిల్ బాల్ (1911–1989) నటజీవితాన్ని తెలుసుకోదలచినవారు ఆమె జీవితచరిత్రను పక్కనపెట్టి, ముందు ‘ఐ లవ్ లూసీ’ చూడటం మంచిది. 1951 అక్టోబరు నుంచి 1957 మే వరకు సీబీఎస్‌లో ప్రసారమైన ఆ ధారావాహికను మొదటినుంచీ వరుసగా చూడనక్కరలేదు.

1952 సెప్టెంబరులో వచ్చిన చాక్లెట్ ఫ్యాక్టరీ ఎపిసోడ్‌తో ప్రారంభించి, చాక్లెట్లు కదిలివచ్చే బెల్టు సన్నివేశాన్ని ఒకసారి మామూలుగానూ, మరోసారి శబ్దం తీసేసీ చూడాలి. మొదట చాక్లెట్లు నెమ్మదిగా వస్తుంటే లూసీ (బాల్ పోషించిన పాత్ర), ఆమె స్నేహితురాలు ఎథెల్ తీరిగ్గా కాగితాలు చుడతారు; వేగం పెరిగేసరికి చుట్టలేనివి నోట్లోకీ, టోపీల్లోకీ, దుస్తుల్లోకీ చేరతాయి; అంతలో వచ్చిన పర్యవేక్షకురాలు ఖాళీ బెల్టును చూసి, పని చక్కగా సాగుతోందనుకొని, వేగం ఇంకా పెంచమంటుంది. బుగ్గలు ఉబ్బిపోయి నోరు మెదపలేని లూసీ కళ్లతో ఎంత చెబుతుందో శబ్దం లేనప్పుడే బాగా తెలుస్తుంది. అదే ఏడాది మేలో వచ్చిన టానిక్ ప్రకటన ఎపిసోడ్‌లో మాత్రం చెవి పెట్టి వినాలి: మద్యం కలిసిన ఆ మందును రిహార్సల్ రిహార్సల్‌కూ మింగుతున్నకొద్దీ, మొదట తడబడకుండా పలికిన వాక్యాలే ఒక్కొక్కటిగా ముద్దముద్దగా మారిపోతాయి. చూసేవారికి అప్పటికప్పుడు తోచినట్లు కనిపించే ఈ పనులన్నీ బాల్ పట్టుదలగా సాధన చేసినవే.

తరువాత తెర వెనక్కి వెళ్లాలి. న్యూయార్క్ నుంచి ప్రత్యక్ష ప్రసారం చేయడానికి బదులు, ఆమె, భర్త డెసీ ఆర్నాజ్ లాస్ ఏంజెలెస్‌లో ప్రేక్షకుల ఎదుట మూడు కెమెరాలతో 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై చిత్రీకరించారు; అందుకు పారితోషికం తగ్గించుకొని, ఆ ఫిల్ములపై హక్కును తమ సంస్థ డెసిలూకు దక్కించుకున్నారు. నా దృష్టిలో ఆమె వృత్తిజీవితంలో అతి తెలివైన నిర్ణయం ఇదే. 1962లో ఆర్నాజ్ వాటాను కొని స్టూడియో పగ్గాలు చేపట్టిన బాల్, 1967లో దాన్ని 1.7 కోట్ల డాలర్లకు అమ్మారు. అంతరిక్ష ధారావాహిక ‘స్టార్ ట్రెక్’ మొదలైంది ఆ స్టూడియోలోనే.

1962–74 మధ్య వచ్చిన ఆమె రెండు ధారావాహికలు ‘ది లూసీ షో’, ‘హియర్స్ లూసీ’ల్లోంచి కొన్ని ఎపిసోడ్లు చాలు. 1986లో ఏబీసీ కొద్దివారాలకే ఆపేసిన ‘లైఫ్ విత్ లూసీ’ని అన్నిటికన్నా చివర చూడాలి; ముందే చూస్తే ఆమె మీద తప్పుడు అంచనా ఏర్పడుతుంది.