మిర్చి బేరానికి రోజు పెట్టడం: మన వర్జ్యం, వాళ్ళ నాలుగు

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఆఫీసులో కాగితాల పని నాది. ఇన్‌వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు రాయడం, బయటి దేశాల నుంచి సరుకు కొనడానికి వచ్చే పార్టీలకు హోటల్ గదులు చూడటం, మిర్చి యార్డు చూపించే ఏర్పాట్లు చేయడం. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను సరుకు గురించి కంటే రోజుల గురించే ఎక్కువ అడుగుతారు. "మేడమ్, పెద్దాయన మంగళవారం వద్దన్నారు, చైనా వాళ్ళు నాలుగో తారీఖు వద్దంటున్నారు, ఏం చేయమంటారు?" వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ముందు మన ఇంటి సంగతి తేల్చుకోండి. మీ యజమాని వేటిని పట్టించుకుంటారో సీజను ఊపందుకోకముందే అడగండి. కొందరికి రాహుకాలం ఒక్కటే పట్టింపు. కొందరు వర్జ్యం, దుర్ముహూర్తం కూడా చూస్తారు. అష్టమి, నవమి, అమావాస్యల్లో కొత్త బేరం ఎత్తని వాళ్ళు యార్డులో చాలామందే ఉన్నారు.

రాహుకాలం లెక్క అందరికీ నోటికొచ్చినదే. సోమవారం 7:30 నుంచి 9, మంగళవారం 3 నుంచి 4:30, శుక్రవారం 10:30 నుంచి 12, ఇలా. సూర్యుడు సరిగ్గా 6 గంటలకు పొడిచి 6 గంటలకు కుంకే రోజుకే ఈ లెక్క సరిపోతుంది. అసలు పద్ధతి ఆ రోజు పగటిని 8 భాగాలు చేయడం. జూన్ మూడో వారంలో మన దగ్గర 5:40 ప్రాంతంలో పొద్దు పొడిచి 6:40 ప్రాంతంలో కుంకుతుంది. అంటే 13 గంటల పగలు, ఒక్కో భాగం 97 నిమిషాల పైచిలుకు. మంగళవారానికి రాహుకాలం ఏడో భాగం కాబట్టి 3:25 ప్రాంతంలో మొదలై 5 దాటాక గానీ వదలదు. నోటిలెక్క నమ్ముకుని 3 గంటలకు లారీ ఆపి 4:30కి లోడింగ్ మొదలుపెట్టారంటే, నడిరాహుకాలంలో మొదలుపెట్టినట్టే. పట్టింపు ఉన్న ఇంట్లో అయితే సరిగ్గా లెక్కకట్టి చెప్పండి, పెద్దవాళ్ళు సంతోషిస్తారు. వర్జ్యం అలా కాదు, నక్షత్రాన్ని బట్టి రోజూ మారుతుంది. దానికి పంచాంగం చూడాల్సిందే. ఫోన్‌లో చూసేవాళ్ళు ముందు ఊరి పేరు గుంటూరు అని పెట్టుకోండి, లేకపోతే వేరే ఊరి సమయాలు చూపిస్తుంది.

ఇక వచ్చే పార్టీ సంగతి. మన తేజ రకం మిరపకాయలకు చైనా పెద్ద గిరాకీ. వాళ్ళకు 4 పనికిరాదు, ఆ అంకె పలికితే చావు మాటలా వినిపిస్తుంది. హాంకాంగ్‌లో చాలా భవనాలకు 4, 14, 24 అంతస్తులే ఉండవు. కొరియాలో కొన్ని లిఫ్టుల్లో 4 ఉండాల్సిన చోట ఇంగ్లీషు ఎఫ్ అక్షరం ఉంటుంది. జపాన్ వాళ్ళు 4తో పాటు 9 కూడా ఇష్టపడరు. అందుకని హోటల్‌కి ఫోన్ చేసినప్పుడే నాలుగో అంతస్తు వద్దని చెప్పండి. శాంపిల్ కవర్లు నాలుగు పెట్టకండి, మూడో ఐదో పెట్టండి. లాట్ (సరుకు కుప్ప) నంబర్లు మనం వేసుకునేవే కాబట్టి 4, 14 వదిలేసినా అడిగేవాళ్ళు లేరు.

కానీ ఇన్‌వాయిస్ నంబరు జోలికి పోవద్దు. జీఎస్టీ నిబంధనల ప్రకారం అవి వరసగా ఉండాలి. 103 తర్వాత 105 వేశారంటే ఆడిట్‌లో 104 ఏమైందని అడుగుతారు. కంటైనర్ నంబరు కూడా మన చేతిలో లేదు, 4 అక్షరాలు, 7 అంకెలు ముందే రాసి ఉన్న పెట్టె అది. ఎవరైనా అంకె మార్చమని పట్టుబడితే ఈ రెండు సంగతులూ మర్యాదగా చెప్పండి. నిబంధన అంటే చాలావరకు అర్థం చేసుకుంటారు.

8 దగ్గర మాత్రం జాగ్రత్త. మన వాళ్ళలో చాలామందికి అది శని అంకె, కారు నంబరు అంకెలు కూడితే 8 రాకూడదంటారు. చైనా వాళ్ళకు అదే సిరిసంపదల అంకె. బీజింగ్ ఒలింపిక్స్‌ని 2008 ఆగస్టు 8 రాత్రి 8 గంటలకు మొదలుపెట్టారంటే ఎంత నమ్మకమో చూడండి. మన పెద్దాయన వద్దనే 8వ లాటు వాళ్ళకు కేటాయిస్తే ఇద్దరికీ బాగుంటుంది.

డబ్బు పెట్టి ఇచ్చే కవరు కూడా అంతే. నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు అని పైన ఒకటి కలపడం మనకు శుభం. చైనా వాళ్ళ శుభకార్యానికి సరిసంఖ్యలో, ఎర్ర కవరులో ఇవ్వాలి. బేసి సంఖ్య, తెల్ల కవరు చావు ఇంటికి.

నెలల తేడా ఇంకా పెద్దది. ఆషాఢం దాటి శ్రావణం రాగానే మన ఇళ్ళలో కొత్త పనులన్నీ మొదలవుతాయి. చైనా వాళ్ళ ఏడో నెల చాలా సంవత్సరాల్లో సరిగ్గా అప్పుడే పడుతుంది. అది చనిపోయినవాళ్ళ ఆత్మలు తిరిగే నెలని వాళ్ళ నమ్మకం, కొత్త ఒప్పందాలకూ ఇల్లు మారడానికీ వెనకాడతారు. 2024లో మన శ్రావణం ఆగస్టు 5న మొదలైతే, వాళ్ళ ఏడో నెల ఆగస్టు 4న మొదలైంది. శ్రావణ శుక్రవారం నాడు కొత్త పార్టీతో సంతకాలు పెట్టించాలని పెద్దాయన ముచ్చటపడితే, ఈ సంగతి ముందే ఆయన చెవిన వేయండి.

మిగతా దేశాలవి క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లీషు మాట్లాడే దేశాలకు 13వ తారీఖు శుక్రవారం, స్పెయిన్, మెక్సికోలకు 13వ తారీఖు మంగళవారం, ఇటలీకి 17. జర్మనీకి చెందిన లుఫ్తాన్సా విమానాల్లో 13తో పాటు 17వ వరస కూడా ఉండదు. గ్రీసులో మంగళవారమే చెడ్డది, 1453 మే 29న అప్పటి గ్రీకుల రాజధాని కాన్‌స్టాంటినోపుల్ తుర్కుల వశమైంది మంగళవారం నాడు. అంతదూరం ఎందుకు, మనం వణికే అమావాస్య తమిళులకు మంచిరోజు. చెన్నై ఏజెంటు అమావాస్య నాడు పని మొదలుపెడదామంటే ఆయన మీద కోపం తెచ్చుకోకండి.

రెండు వైపులా రోజు కుదరకపోతే మా అమ్మమ్మగారి కాలం ఉపాయం ఒకటుంది. ప్రయాణానికి మంచి గడియ ముందే వెళ్ళిపోతుందనుకుంటే సంచీ తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టించేవారు, ప్రయాణం మొదలైనట్టే లెక్క. మేమూ అలాగే మంచి గడియలో కొబ్బరికాయ కొట్టి రెండు టిక్కీలు (మిర్చి బస్తాలు) లారీ ఎక్కిస్తాం. మిగతావి హమాలీలు వచ్చాక ఎక్కుతాయి.

ఇంతవరకూ సర్దుకుపోమనే చెప్పాను. ఎవరికీ నష్టం లేనప్పుడు ఎదుటివాళ్ళ మనసు ప్రశాంతంగా ఉండటం కంటే కావలసిందేముంది? కానీ రోజు వాయిదా వేసేముందు ఆ వాయిదా ఎవరి మీద పడుతుందో చూడండి. జపాన్‌లో అరవై ఏళ్ళకోసారి వచ్చే అగ్ని గుర్రం సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల మొగుడికి అచ్చిరాదని ఒక నమ్మకం. 1965లో అక్కడ 18 లక్షల పైచిలుకు పిల్లలు పుడితే, ఆ సంవత్సరం వచ్చిన 1966లో 13.6 లక్షల మందే పుట్టారు. సంవత్సరాన్ని చూసి భయపడ్డది పెద్దవాళ్ళు, మాట పడ్డది ఆ సంవత్సరం పుట్టిన ఆడపిల్లలు.

మన దగ్గర ఆ భారం రైతు మీద పడుతుంది. శుక్రవారం డబ్బు బయటికి ఇస్తే లక్ష్మి వెళ్ళిపోతుందని చెల్లింపు ఆపేస్తారు. శని, ఆదివారాలు యార్డుకు సెలవు, మాట సోమవారానికి పోతుంది. పల్నాడు నుంచి టిక్కీలు వేసుకొచ్చిన మనిషికి ఆ మూడు రోజులూ కూలీల బాకీ, లారీ కిరాయి నెత్తిమీదే ఉంటాయి. నేను ఈ ఒక్కదానికి ఒప్పుకోను, పెద్దాయనతో ఎదురుగా కూర్చుని చెబుతాను. మీరూ చెప్పండి. శుక్రవారం పట్టింపు గట్టిగా ఉన్న ఆఫీసైతే తూకాలు గురువారం మధ్యాహ్నానికల్లా ముగిసేలా పెట్టించి, పట్టీ (రైతుకు రావలసిన లెక్క చీటీ) రాయించి, ఆ సాయంత్రమే బ్యాంకులో వేయించండి. శుక్రవారం తూగిన సరుకుకు మాత్రం శుక్రవారమే ఇవ్వాలి.